జంట ఆటలో మేటి: సానియా మీర్జా

క్రీడావార్తలు వినునప్పుడు సింగిల్సు, డబుల్సు అను రెండు మాటలు తరచుగా మన చెవిని పడుచుండును. మొదటిది ఒకరితో ఒకరు ఆడు టెన్నిసు. రెండవది ఇరువురితో ఇరువురు ఆడునది. మొదటిదానిలో గెలిచినవారి పేరు ఊరూర మారుమ్రోగును. రెండవదానిలో గెలిచినవారి పేరు వార్తల తుదను ఒక వాక్యముతో ముగిసిపోవును. ఇందువలన డబుల్సు అనగా సింగిల్సులో రాణింపలేనివారి ఆట యను అభిప్రాయమొకటి జనములో పాతుకొనిపోయినది. ఇరువురు కలిసి గెలిచినచో ఆ గెలుపులో ఎవరి పాలెంత యని అడుగువారును ఉన్నారు.

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు దూరదేశములకు పోవలసిన పని లేదు. చెన్నేకొత్తపల్లి మీదుగా సాగు బెంగళూరు-హైదరాబాదు రహదారిని పట్టుకొని ఉత్తరముగా పోయినచో చేరు హైదరాబాదు నగరముననే అది మనకు దొరకును. ఆ నగరమున పెరిగిన సానియా మీర్జా 2015వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన మహిళల డబుల్సులో ప్రపంచమున ప్రథమస్థానము నందెను. భారతదేశమునుండి ఆ స్థానము నందిన తొలి మహిళ ఆమెయే. మొత్తము 91 వారములు ఆమె ఆ స్థానమున నిలిచెను. ఆమె చరిత్రను తెలిసికొనుటకు ముందు ఈ జంట ఆట తీరును కొంత తెలిసికొనుట మంచిది.

టెన్నిసు కోర్టు పొడవు 78 అడుగులు. ఒంటరి ఆటకు దాని వెడల్పు 27 అడుగులు. జంట ఆటకు ఇరుప్రక్కల నాలుగున్నర అడుగుల చొప్పున చేర్చి 36 అడుగులుగా ఉంచుదురు. నడుమ కట్టిన వల స్తంభముల కడ మూడున్నర అడుగుల ఎత్తు, మధ్యభాగమున మూడడుగుల ఎత్తు ఉండును. ఈ కొలతలలోనే డబుల్సు రహస్య మిమిడి యున్నది. ఆటగాండ్ర సంఖ్య రెట్టింపైనది గాని వెడల్పు మూడవ వంతు మాత్రమే పెరిగినది. అనగా ఒక్కొక్కరు కాపాడవలసిన చోటు తగ్గినది. బంతిని త్రోయుటకు ఎదుటివారికి దొరకు సందును తగ్గినది. ఒంటరి ఆటలో పరుగునకు ఎక్కువ విలువ. జంట ఆటలో చూపునకు, చేతివాటమునకు, సమయమెరిగి అడుగు వేయుటకు విలువ హెచ్చు. వలకు దగ్గరగా నిలిచినవారు బంతి నేలను తాకకమునుపే దానిని కొట్టివేయుదురు. దీనిని వాలీ యందురు. కన్ను మూసి తెరచునంతలో నలుగురి నడుమ నాలుగు దెబ్బలు పడును.

ఇంకొక విశేషము గలదు. నలుగురును వరుసగా ఒక్కొక్క గేములో సర్వీసు చేయవలెను. కనుక ప్రతివారికిని నాలుగు గేములకొకసారి ఆ వంతు వచ్చును. ఎదుటి సర్వీసును అందుకొనువా రిరువురిలో ఎవరు కుడివైపు నిలువవలెనో, ఎవరు ఎడమవైపు నిలువవలెనో సెట్టు మొదట నిర్ణయించుకొన్న పిమ్మట ఆ సెట్టు ముగియువరకు మార్చుటకు వీలు లేదు. కాబట్టి జోడీని ఎన్నుకొనుటయే సగము యుద్ధము. ఇరువురును ఒకే విద్యలో ఆరితేరినవారైన చాలదు. ఒకరి లోటును మరొకరు పూడ్చగలుగవలెను.

మన చెనిక్కాయ చేలలో గొర్రుతో విత్తనము వేయుట చూచిన వారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. గొర్రు పట్టినవాడు చాలు తప్పకుండ ఎద్దులను నడుపవలెను. వెనుక నడచుచు జడ్డిగములో గింజలు విడుచు స్త్రీ ఆ నడకకు తగినట్లు చేయి ఆడింపవలెను. ఆయన తొందరపడినను, ఆమె చేయి ఆగినను పైరు ఎడముపడును. మొలకలు వచ్చిన పిదప ఇది ఎవరి పంట యని విడదీయుటకు వీలుండదు. డబుల్సు కూడ అట్టిదే.

ఈ విద్యలో భారతీయులకు పేరు కొత్తగా వచ్చినది కాదు. 1966లో డేవిస్ కప్పు తుదిపోరాటమున మెల్బోర్నులో ఆస్ట్రేలియా మనలను ఓడించినను, ఆ పోరాటమున మనకు దక్కిన ఒక్క గెలుపు డబుల్సులోనిదే. రామనాథన్ కృష్ణన్, జైదీప్ ముఖర్జియా ఇరువురును కలిసి న్యూకోంబ్, రోచ్ అను మహావీరుల జంటను నాడు ఓడించిరి. 1997లో మహేశ్ భూపతి జపాను క్రీడాకారిణి రికా హిరాకితో కలిసి ఫ్రెంచి పోటీలో మిశ్రమ డబుల్సు గెలిచెను. స్త్రీ, పురుషుడు జోడీగా ఆడు దానిని మిశ్రమ డబుల్సు అందురు. గ్రాండ్ స్లామ్ పోటీలలో భారతీయునకు వచ్చిన మొదటి విజయమదియే. ఆస్ట్రేలియా, ఫ్రాన్సు, వింబుల్డన్, అమెరికా పోటీలు నాలుగింటిని గ్రాండ్ స్లామ్ పోటీలని వ్యవహరింతురు. 1999లో లియాండర్ పేస్, భూపతి కలిసి ఫ్రెంచి పోటీని, వింబుల్డన్‌ను గెలిచిరి. అయితే ఈ కీర్తి యంతయు పురుషులది. మహిళలలో నిరుపమా వైద్యనాథన్ 1998లో ఆస్ట్రేలియా పోటీ ప్రధానభాగమున ఒక ఆట గెలుచుటయే నాటికి గొప్ప విశేషము. సానియా బాల్యమునాటికి మన బాలికల ముందున్న దారి ఇంతమాత్రమే.

సానియా 1986 నవంబరు 15న బొంబాయిలో జన్మించెను. తరువాత కొలదికాలమునకే కుటుంబము హైదరాబాదు చేరెను. తండ్రి ఇమ్రాన్ మీర్జా, తల్లి నసీమా. క్రీడలు ఆ ఇంటికి కొత్త కాదు. భారత క్రికెట్ జట్టుకు నాయకత్వము వహించిన హైదరాబాదువాడు గులాం అహ్మద్ వారికి బంధువు. ఆరేండ్ల ప్రాయమున తల్లి ఆమెను నిజాం క్లబ్బు కోర్టుకు తీసికొనిపోగా, పిల్ల మరీ చిన్నదని శిక్షకుడు చేర్చుకొనుటకు సంకోచించెనట. నేర్పి తీరవలెనని అతనితో వాదులాడవలసి వచ్చినదని సానియా 2023లో తన వీడ్కోలు లేఖలో వ్రాసికొనినది. తండ్రియే ఆమెకు ముఖ్యశిక్షకుడు. మహేశ్ భూపతి తండ్రి సి. జి. కె. భూపతి కడ కూడ ఆమె తొలిపాఠములు నేర్చెను. హైదరాబాదులోని నస్ర్ పాఠశాలలోను, పిదప సెయింట్ మేరీస్ కళాశాలలోను చదువు సాగెను.

మనదేశమున టెన్నిసు ఖర్చుతో కూడిన ఆట. రాకెట్టు, బంతులు, బూట్లు, కోర్టు రుసుము, శిక్షకుని వేతనము ఒక యెత్తు. పోటీకోసము ఊరూర, దేశదేశముల తిరుగుట మరియొక యెత్తు. ఆడపిల్లను ఎండలో నిలిపి ఆటలాడించినచో రేపు పెండ్లి ఎట్లగునని అడుగువారు అడుగనే అడిగిరి. ఆ తల్లిదండ్రులు ఆ మాటలను చెవిని పెట్టలేదు. వారు చేసిన సాహసమునకు ఫలము త్వరగానే కనబడినది. 2002లో బుసాన్ ఆసియా క్రీడలలో పదునైదేండ్ల సానియా పేస్‌తో కలిసి మిశ్రమ డబుల్సులో కాంస్యపతకము గెలిచెను. 2003లో రష్యా బాలిక అలిసా క్లేబనోవాతో కలిసి వింబుల్డన్ బాలికల డబుల్సు గెలిచెను. ఆ సంవత్సరమే హైదరాబాదులో జరిగిన ఆఫ్రో-ఆసియా క్రీడలలో నాలుగు స్వర్ణపతకములు సాధించెను. 2004లో హైదరాబాదు పోటీలో లీజెల్ హ్యూబర్ జోడీగా మహిళల టెన్నిసు సంఘపు తొలి డబుల్సు బిరుదును గైకొనెను. ఆమె తొలి పెద్ద విజయములలో డబుల్సు పాలు ఎంత యుండెనో గమనింపదగును.

కాని దేశమంతయు ఆమెను గుర్తించినది సింగిల్సు క్రీడాకారిణిగా. 2005 ఆ కీర్తికి నాందియైన సంవత్సరము. జనవరిలో ఆస్ట్రేలియా పోటీ మూడవ వరుసవరకు వచ్చి సెరీనా విలియమ్స్ చేతిలో ఓడెను. ఫిబ్రవరిలో స్వస్థలమైన హైదరాబాదులోనే అల్యోనా బొందరెంకోను తుదియాటలో ఓడించి, ఆ స్థాయి సింగిల్సు పోటీ గెలిచిన మొదటి భారతీయ మహిళ యయ్యెను. ఆ పిమ్మట దుబాయిలో, అప్పటి అమెరికా పోటీ విజేత కుజ్నెత్సోవాను ఓడించెను. సెప్టెంబరులో అమెరికా పోటీలో నాలుగవ వరుసకు చేరి షరపోవా చేతిలో ఓడెను. గ్రాండ్ స్లామ్ సింగిల్సులో అంతవరకు ఏ భారతీయ మహిళయు అచ్చటికి చేరలేదు. 2007 ఆగస్టులో సింగిల్సున ప్రపంచమున 27వ స్థానమునకు వచ్చెను. ఆమె దుస్తులను గూర్చి 2005లో కొందరు రేపిన దుమారమును, పత్రికలు దానిని పెంచిన తీరును పెద్దలకు జ్ఞాపకముండియే యుండును. పందొమ్మిదేండ్లైనను నిండని పిల్ల ఆ ఒత్తిడిని భరించుచునే ఆట కొనసాగించినది.

ఆమె బలము కుడిచేతి దెబ్బ. దానిని ఫోర్‌హ్యాండు అందురు. మణికట్టును చివరిక్షణమున ఒక్కసారి త్రిప్పి బంతిని దూసుకొనిపోవునట్లు కొట్టుట ఆమె ప్రత్యేకత. ఎదుట నిలిచినవారికి బంతి ఎటు వచ్చునో తుదివరకు అంతుబట్టదు. లోట్లును లేకపోలేదు. సర్వీసు అంత పదునైనది కాదు. ప్రక్కలకు పరుగెత్తుటలో ఆమెకంటె చురుకైనవారు పెక్కురు. ఒంటరి ఆటలో ప్రత్యర్థులు ఈ రెంటిని కనిపెట్టి ఆమెను మూలమూలలకు పరుగెత్తించెడివారు.

ఇంతలో బలమునకు మూలమైన మణికట్టే మొరాయించెను. 2008లో దానికి శస్త్రచికిత్స జరిగినది. ఆ యేడు బీజింగ్ ఒలింపిక్ క్రీడలలో మొదటి సింగిల్సు ఆట నడుమనే నొప్పి తాళలేక ఆమె విరమించెను. తల దువ్వుకొనుటకు కూడ చేయి లేవని దినములు గడచినవని ఆమెయే తరువాత చెప్పినది. మోకాళ్లకును శస్త్రచికిత్సలు తప్పలేదు. వారమునకు రెండు విధముల ఆటలను ఈ శరీరము మోయలేదని క్రమముగా తేలిపోయెను. 2013లో ఆమె సింగిల్సును పూర్తిగా వదలి డబుల్సునే వరించెను.

ఈ నిర్ణయమును కొందరు వెనుకంజగా భావించిరి. మేము మాత్రము దీనిని ఆమె జీవితమున అత్యంత వివేకవంతమైన అడుగుగా ఎంచుచున్నాము. జరిగిన దేమనగా, మిగిలిన బలము ఏ చోట పూర్తిగా వినియోగపడునో ఆ చోటికి ఆమె తరలిపోయినది. జంట ఆటలో కాపాడవలసినది సగము కోర్టే. కనుక పరుగులోని లోటు కప్పబడును. సర్వీసు నాలుగు గేముల కొకసారియే వచ్చును. పైగా వలకడ నిలిచిన జోడీ దానికి కాపుగా ఉండును. ఇక ఆ కుడిచేతి దెబ్బకో, దానిని ఆపగలవారు అరుదు. నేల మారినప్పుడు పైరు మార్చు రైతును ఓడినవాడనుట ఎట్లు తగును?

మిశ్రమ డబుల్సులో ఆమెకు విజయము ముందే వచ్చియుండెను. 2008లో ఆస్ట్రేలియా పోటీ తుదియాటలో ఓడిన భూపతి-సానియా జంటయే 2009లో అదే పోటీని గెలిచినది. గ్రాండ్ స్లామ్ బిరుదు పొందిన మొదటి భారతీయ మహిళగా ఆమె పేరు నిలిచెను. 2012లో ఆ జంటయే ఫ్రెంచి పోటీని గెలిచెను. కొలది దినములలోనే లండన్ ఒలింపిక్ క్రీడలకు జట్టు ఎన్నిక విషయమున వివాదము చెలరేగెను. పురుషుల జోడీల తగవును సర్దుటకు తన్ను పావుగా వాడుకొనిరని సానియా బహిరంగముగా ఆక్షేపించెను. భూపతితో ఫ్రెంచి పోటీ గెలిచిన వెంటనే ఆమెకు పేస్‌ను జోడీగా నిర్ణయించుట ఆ బాధకు కారణము. అభిప్రాయమును దాచుకొనక చెప్పి, చెప్పిన పిమ్మట దేశముకొరకు ఆ జోడీతోనే ఆడినది. 2014లో బ్రెజిలు దేశస్థుడు బ్రూనో సోరెస్ జోడీగా అమెరికా పోటీని గెలుచుటతో మిశ్రమ డబుల్సున మూడు గ్రాండ్ స్లామ్ బిరుదులు ఆమెవైనవి. ఆ యేడే ఇంచియోన్ ఆసియా క్రీడలలో మన ఆంధ్ర యువకుడు సాకేత్ మైనేనితో కలిసి స్వర్ణము తెచ్చెను. వర్షాంతమున, ఆ యేటి మేటి జంటలు మాత్రమే పాల్గొను పోటీని జింబాబ్వే క్రీడాకారిణి కారా బ్లాక్‌తో కలిసి గెలిచెను.

2015 మార్చిలో స్విట్జర్లండు క్రీడాకారిణి మార్టినా హింగిస్‌తో జోడీ కుదిరినది. హింగిస్ పూర్వము సింగిల్సులో ప్రపంచప్రథమురాలు. పెక్కేండ్లు ఆటకు దూరమై 2013లో డబుల్సుకు మరలివచ్చినది. 2006లో సియోల్ పోటీలో సానియా ఆమెను సింగిల్సులో ఓడించియుండెను. నాటి ప్రత్యర్థులు ఇప్పుడు జోడీలైరి. ఒకరిది వలకడ నేర్పు, బంతిని ఎచ్చట నిలుపవలెనో ఎరిగిన చదరంగపు బుద్ధి. ఒకరిది వెనుకనుండి వచ్చు పిడుగువంటి దెబ్బ. సానియా దెబ్బకు ఎదుటివారు తడబడి బంతిని పైకి లేపినచో హింగిస్ దానిని ముగించును. ఈ ఇరువురు కలిసి ఆడిన మొదటి మూడు పోటీలను, అనగా ఇండియన్ వెల్స్, మయామి, చార్ల్స్‌టన్ పోటీలను, వరుసగా గెలిచిరి. మూడవ గెలుపుతో సానియాకు ప్రపంచ ప్రథమస్థానము లభించెను.

ఈ స్థానము జంటకు ఇచ్చునది కాదు, వ్యక్తికి ఇచ్చునది. ప్రతి పోటీకిని ఇన్ని పాయింట్లని నిర్ణయముండును. గడచిన 52 వారములలో ఒక్కొక్కరు సంపాదించిన పాయింట్లను లెక్కించి వరుస కట్టుదురు. ఏడాది దాటిన పాయింట్లు రాలిపోవును. నిరుటి పంటతో ఈ యేటి అప్పు తీరనట్లు, నిరుటి గెలుపుతో ఈ యేటి స్థానము నిలువదు. ప్రతివారము మరల సంపాదించుకొనవలసినదే. ఈ లెక్క తెలిసినప్పుడే 91 వారములు అగ్రస్థానమున నిలుచుట ఎంతటి పనియో మనకు బోధపడును.

ఆ యేటి వింబుల్డన్ తుదియాటను డబుల్సుకు పాఠముగా చెప్పవచ్చును. జూలై 11వ తేదీన సానియా, హింగిస్‌లకు ఎదురునిలిచినది రష్యా జంటయైన మకరోవా, వెస్నినా. మొదటి సెట్టు 5-7తో పోయినది. రెండవ సెట్టు ఆరారుగా నిలిచి టై బ్రేకుకు వచ్చినది. టై బ్రేకు అనగా రెండు పాయింట్ల తేడాతో ముందుగా ఏడు పాయింట్లు తెచ్చుకొన్నవారికి సెట్టు దక్కునట్టి పద్ధతి. అది 7-4తో మనవారికి దక్కినది. మూడవ సెట్టులో రష్యా జంట 5-2తో ముందున్నది; ఇంకొక్క గేము గెలిచినచో బిరుదు వారిదే. అచ్చటనుండి సానియా జంట వరుసగా మూడు గేములు గెలిచి అయిదైదుగా సమము చేసినది. వెలుతురు తగ్గుటచే ఆట ఆపి మైదానము పైకప్పు మూసి దీపములు వెలిగించిరి. తిరిగి మొదలైనంతనే తక్కిన రెండు గేములును గెలిచి 7-5తో ముగించిరి. మహిళల డబుల్సులో గ్రాండ్ స్లామ్ గెలిచిన మొదటి భారతీయురాలుగా సానియా ఆ రాత్రి చరిత్రకెక్కెను.

ఆ తరువాత ఆ జంటకు ఎదురులేకపోయినది. సెప్టెంబరులో అమెరికా పోటీని గెలిచిరి. వర్షాంతపు పోటీతో కలిపి 2015లో వారిరువురు తొమ్మిది బిరుదులు పొందిరి. 2016 జనవరిలో ఆస్ట్రేలియా పోటీని గెలిచిరి. 2015లో మొదలై 2016 ఫిబ్రవరివరకు వరుసగా 41 ఆటలలో వారిని ఓడించినవారు లేరు.

ఇచ్చట జంట ఆటలోని ఒక వింతను చెప్పవలెను. నేటి జోడీ రేపటి ప్రత్యర్థి; నేటి ప్రత్యర్థి రేపటి జోడీ. 2011 ఫ్రెంచి పోటీ తుదియాటలో సానియా జోడీ యెవరు? ఎలెనా వెస్నినా. వారిని నాడు ఓడించినవారు హ్లవచ్కోవా, హ్రదెత్స్కా అను చెక్ జంట. నాలుగేండ్ల తరువాత వింబుల్డన్ తుదియాటలో అదే వెస్నినా వలకు ఆవలివైపున నిలిచినది. 2016 ఆస్ట్రేలియా పోటీ తుదియాటలో సానియా జంట ఓడించినది ఆ చెక్ జంటనే. 41 విజయముల వరుసను దోహాలో త్రెంచినవారిలో ఒకరు మరల వెస్నినాయే. 2016 ఆగస్టులో హింగిస్, సానియా విడిపోయిన పిదప ఆ నెలలోనే ఇరువురును ఒక పోటీ తుదియాటలో ఎదురెదురుపడిరి. సిన్సినాటిలో జరిగిన ఆ ఆటలో స్త్రిత్సోవా జోడీగా సానియా గెలిచెను. ఇన్నిమార్లు కలిసి విడిపోయినను పగలు పెంచుకొనక, వృత్తిని వృత్తిగా, స్నేహమును స్నేహముగా ఉంచుకొనుట ఈ ఆట నేర్పు గొప్ప సంస్కారము.

ఆమెకు దక్కనిది ఒలింపిక్ పతకము. నాలుగు ఒలింపిక్ క్రీడలలో ఆమె దేశమునకు ప్రాతినిధ్యము వహించెను. 2016 రియో క్రీడలలో రోహన్ బొపన్నతో కలిసి మిశ్రమ డబుల్సున ఉపాంత్యమునకు చేరినది. మొదటి సెట్టు గెలిచియు వీనస్ విలియమ్స్, రాజీవ్ రామ్ జంటకు ఓడిరి. కాంస్యమునకై ఆడిన ఆటయు చేజారినది. నాలుగవ స్థానము క్రీడలలో అన్నిటికంటె చేదైనది. పతకమున్న గదిని గుమ్మముకడనుండి చూచి మరలుట వంటిది.

2018 అక్టోబరులో ఆమె తల్లియయ్యెను. మనదేశమున స్త్రీకి ఆటకు చుక్క పడు చోటు సామాన్యముగా అదియే. ఆమె మాత్రము కఠినపరిశ్రమచేసి శరీరమును మరల ఆటకు సిద్ధపరచుకొని, 2020 జనవరిలో హోబార్టు పోటీలో నాదియా కిచెనోక్‌తో ఆడి, తిరిగివచ్చిన మొదటి పోటీనే గెలిచెను. 2021లో ఓస్త్రావాలో చైనా క్రీడాకారిణి జాంగ్ షువాయితో గెలిచినది ఆమె 43వ డబుల్సు బిరుదు; చివరిదియు అదే.

2022తో ఆట చాలింపవలెనని తలచినను మోచేతి గాయము ఆ సంకల్పమునకు అడ్డువచ్చెను. గాయము చెప్పిన తేదీన కాక తాను ఎన్నుకొన్న తేదీన పోవలెనని మరికొంత కాలము నిలిచెను. 2023 జనవరిలో ఆస్ట్రేలియా పోటీ మిశ్రమ డబుల్సులో బొపన్నతో తుదియాటకు వచ్చి, బ్రెజిలు జంట చేతిలో ఓడెను. పదునాలుగేండ్ల ప్రాయమున ఆమెకు మొదటి మిశ్రమ జోడీ ఆ బొపన్నయే. చివరి గ్రాండ్ స్లామ్ జోడీయు అతడే. 2005లో పద్దెనిమిదేండ్ల పిల్లగా సెరీనాను ఎదుర్కొన్నది ఈ పోటీలోనే యని తలచుకొని, కుమారుని యెదుట నాడు ఆమె కంటతడి పెట్టెను. ఫిబ్రవరి 21న దుబాయిలో చివరి పోటీ ఆడి, మార్చి 5న హైదరాబాదు లాల్ బహదూర్ క్రీడామైదానమున తనవారి నడుమ వీడ్కోలు ఆట ఆడెను. అర్జున, పద్మశ్రీ, ఖేల్‌రత్న, పద్మభూషణ పురస్కారములు ఆమెను వరుసగా 2004, 2006, 2015, 2016 సంవత్సరములలో వరించినవి. 2013లోనే హైదరాబాదు సమీపమున తన పేర టెన్నిసు శిక్షణశాలను నెలకొల్పినది.

ఆమె కథ మన ప్రాంతమువారికి ఎందుల కని ఎవరైన అడుగవచ్చును. సానియా పుట్టిపెరిగినది నగరములలో, తల్లిదండ్రులు చదువుకొన్నవారు. వాన రానియేడు వలసపోవు ఇండ్లలోని ఆడపిల్లకు ఈ ఆట ఎట్లు అందును? ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి ఒక చిన్న సమాధానము అనంతపురములోనే మొదలైనది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఈ కరవుసీమకు వచ్చి స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థతో చేతులు కలిపి, స్పెయిను దేశపు టెన్నిసు వీరుడు రాఫెల్ నాదల్ నెలకొల్పిన ధర్మసంస్థ 2010లో అనంతపురమున బీదపిల్లలకు టెన్నిసు పాఠశాలను తెరచినది. ప్రారంభమునకు నాదల్ స్వయముగా వచ్చెను. కోర్టుమీద ఆటతోపాటు ఆంగ్లమును, కంప్యూటరు విద్యను నేర్పుట ఆ పాఠశాల ఉద్దేశము. సింగిల్సులో అంతటివాడైన ఆ నాదల్ 2016 రియో ఒలింపిక్ క్రీడలలో స్వర్ణము గెలిచినది మార్క్ లోపెజ్ జోడీగా డబుల్సులో ననుట ఇచ్చట స్మరింపదగినది.

ఒక పాఠశాలతో ఒక సీమ మారిపోదు. అందరు పిల్లలును ప్రపంచవిజేతలు కానేరరు. కావలసిన అవసరమును లేదు. అయినను రాకెట్టు పట్టిన పల్లెపిల్ల నేర్చుకొను విషయములు కొన్ని గలవు. సర్వీసు చేయువంతు తనకును వచ్చునని తెలిసికొనును. తప్పిన బంతికి ఏడ్చుచు కూర్చుండక తరువాతి బంతికి సిద్ధపడును. మగపిల్లవాడు జోడీగా నిలిచినను కోర్టులో సగము తనదేనని గ్రహించును. ఈ చివరి పాఠము మన ఇండ్లలో ఇంకను పూర్తిగా నేర్వబడలేదు.

డబుల్సు రెండవతరపు ఆట యనువారికి ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. సింగిల్సులో 27వ స్థానము వద్ద ఆగిన చేయియే డబుల్సులో ఆరు గ్రాండ్ స్లామ్ బిరుదులను అందుకొన్నది. మహిళల డబుల్సున మూడు, మిశ్రమ డబుల్సున మూడు. బొపన్న కూడ 2024లో, నలుబదిమూడేండ్ల వయస్సున, మాథ్యూ ఎబ్డెన్ జోడీగా ఆస్ట్రేలియా పోటీ గెలిచి, పురుషుల డబుల్సులో ప్రపంచప్రథముడయ్యెను. ఇది వేరొక విద్య. దీని కొలమానము వేరు. గెలుపులో ఎవరి పాలెంత యని విడదీసి చూచువారికి ఈ ఆట అర్థము కాదు. సగము కోర్టును ఇంకొకరిని నమ్మి వదలగలవారికే ఇది లొంగును.

ఇకమీదట రేడియోలో క్రీడావార్తలు వచ్చునప్పుడు చివరనున్న ఆ డబుల్సు వాక్యమును శ్రోతలు శ్రద్ధగా ఆలకింతురని మా ఆశ. ఆ ఒక్క వాక్యము వెనుక ఇంత కథ ఉండవచ్చును.